రీమ్యాచ్ అడగొచ్చా మావయ్యా?

115–112, 113–114, 114–113.

మా ములకలపల్లి సెంటర్లో టీ తాగేవాళ్లలో అరడజను మందిని నిద్రలో లేపి అడిగినా ఈ అంకెలు తడుముకోకుండా చెబుతారు. పామాయిల్ గెలల రేటో, మండలానికొచ్చిన నిధుల లెక్కో అనుకునేరు. కాదు. 2024 మే 18 రాత్రి, మన లెక్కలో 19 తెల్లవారుజామున, సౌదీలోని రియాద్‌లో ఉక్రెయిన్ బాక్సర్ ఒలెక్సాండర్ ఉసిక్‌కీ ఇంగ్లండ్ బాక్సర్ టైసన్ ఫ్యూరీకీ జరిగిన హెవీవెయిట్ టైటిల్ పోరులో ముగ్గురు జడ్జీలు వేసిన మార్కులవి. ఇద్దరు ఉసిక్ గెలిచాడన్నారు. ఒకాయన ఫ్యూరీ గెలిచాడన్నాడు. 1999లో లెనాక్స్ లూయిస్ తర్వాత హెవీవెయిట్ బెల్టులన్నీ ఒక్కడి చేతికి రావడం అదే మొదలు.

పాల్వంచకీ దమ్మపేటకీ మధ్య అడవి అంచున ఉండే మీకు ఉక్రెయినోడితో ఏం పనయ్యా అని మీరడగొచ్చు. మా ఇంట్లో రోజూ అడుగుతారు. దానికి జవాబు ఫోను. ఒకప్పుడు మాకు బాక్సింగంటే సినిమానే. ‘తమ్ముడు’, ‘అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి’, ‘గురు’ చూసి గోనెసంచిలో ఇసక పోసి వేపకొమ్మకి వేలాడదీసి రెండ్రోజులు గుద్ది, మూడో రోజు మణికట్టుకి జండూబామ్ రాసుకున్న బ్యాచే మాది. 2022లో ‘లైగర్’లో మైక్ టైసన్‌నే తీసుకొచ్చి చూపించారు. సినిమా సంగతి వదిలేయండి గానీ, ఆ పూట నుంచే మా బామ్మర్ది ఫోన్లో టైసన్ పాత ఫైట్లు వెతకడం మొదలెట్టాడు. అలా టైసన్ కోసం వెతుకుతుంటే టైసన్ ఫ్యూరీ తగిలాడు. ఫ్యూరీ 1988లో నెలలు నిండకుండా పుట్టాడు. అప్పటి చాంపియన్ మైక్ టైసన్ మీద అభిమానంతో వాళ్ల నాన్న ఆ పేరు పెట్టాడు. మన దగ్గర పిల్లలకి తారక రామారావని పెట్టుకున్నట్టే. ఆ ఒక్క సంగతికే మా బామ్మర్ది ఫ్యూరీ మనిషైపోయాడు.

అశ్వారావుపేట ఫ్యాక్టరీకి గెలలు తోలే లారీ వాడిది. మనిషి ఆరడుగులు దాటతాడు. ఆరడుగుల తొమ్మిదంగుళాల ఫ్యూరీ మీద వాడికి ప్రేమ ఉండటంలో వింతేం లేదు. హోటల్ బాబాయిది ఉసిక్ పక్షం. ఆయన పొట్టి. ఉసిక్‌దీ ఆరడుగుల మూడంగుళాలేనని, అదేం పొట్టి కాదని ఎన్నిసార్లు చెప్పినా వినడు. "పక్కనోడి కంటే అరడుగు తక్కువుంటే పొట్టోడే" అంటాడు. మూడో మనిషి సింగరేణిలో చేసి రిటైరైన తాత. ఈయన ఎవరి పక్షమూ కాదు, అలీ పక్షం. ఎవరి పేరెత్తినా "అలీ ముందు వీడెంతరా" అంటాడు. నాలుగోవాణ్ని నేను. హోటల్ పక్కనే నాది నెట్ సెంటర్. జిరాక్సులు తీస్తాను, అర్జీలు టైపు చేస్తాను. లెక్క దగ్గర పేచీ వస్తే కాయితం, పెన్నూ నా కొట్లోంచే వెళ్తాయి.

పేచీ అంతా తొమ్మిదో రౌండు మీద.

బాక్సింగ్ మార్కుల పద్ధతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. టైటిల్ పోరు పన్నెండు రౌండ్లు. ఒక్కో రౌండులో గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9. కిందపడితే ఇంకోటి తగ్గి మామూలుగా 8. పన్నెండు రౌండ్లూ కూడి ఎవరికెక్కువొస్తే వాడు గెలిచినట్టు, ఆ జడ్జీ దృష్టిలో. జడ్జీలు ముగ్గురూ రింగుకి తలో వైపు కూర్చుంటారు కాబట్టి ఒకరికి కనపడిన దెబ్బ ఇంకొకరికి వీపు చాటున పడిపోవచ్చు.

ఆ తొమ్మిదో రౌండులో ఉసిక్ ఎడమచేతి దెబ్బలకి ఫ్యూరీ కాళ్లు తేలిపోయాయి. ఈ మూల నుంచి ఆ మూలకి తాగినోడిలా తూలుతూ వెళ్లి తాళ్ల మీద వాలాడు. రిఫరీ మార్క్ నెల్సన్ మధ్యలోకొచ్చి అంకెలు లెక్కపెట్టాడు. మనిషి నేలకి తగలకపోయినా, తాళ్లు ఆపకపోతే పడేవాడే అనుకుంటే దాన్ని పడిపోయినట్టే లెక్కేస్తారు. ఆ వెంటనే గంట కొట్టారు.

"అసలు పడనే లేదు కద బావా! నిలబడ్డోణ్ని పడ్డాడని రాసేశారు" అంటాడు మా బామ్మర్ది.

"ఒరే, రిఫరీ మధ్యలోకొచ్చాడు కాబట్టి బతికిపోయాడు మీవోడు. ఇంకొక్క దెబ్బ పడితే బొక్కబోర్లా పడేవోడు. లెక్కపెట్టి నిద్రలేపాడు" అంటాడు బాబాయి.

చూడండి, జరిగింది ఒకటే. అన్యాయం జరిగిందని మాత్రం రెండు పక్షాలూ అంటాయి. ఇంత ముచ్చటైన తగువు నేను పంచాయితీల్లో కూడా చూడలేదు.

ఓసారి మధ్యాహ్నం కరెంటు పోయి జిరాక్సు మిషను ఆగిపోతే, ఖాళీగా ఉండలేక ఆ లెక్క వేశాను. 114–113 వేసిన జడ్జీ కాయితంలో ఇద్దరికీ చెరి ఆరు రౌండ్లు. ఉసిక్‌కి ఎక్కువొచ్చిన ఆ ఒక్క మార్కూ తొమ్మిదో రౌండులో ఫ్యూరీకి తగ్గిన మార్కే. రిఫరీ అంకెలు లెక్కపెట్టకుండా ఉండుంటే ఆ జడ్జీది 114–114. తక్కిన ఇద్దరిదీ 115–113, 113–115. ఒకరు ఇటు, ఒకరు అటు, ఒకరు మధ్య. డ్రా! అప్పుడు ఎవరి బెల్టులు వాళ్లకే ఉండేవి, అన్నీ ఒక్కడి దగ్గరికి చేరేవి కావు. ఇది చూపిస్తే మా బామ్మర్ది ఆ కాయితం మడిచి లారీలో దేవుడి పటం వెనక పెట్టుకున్నాడు. బాబాయి మాత్రం "లెక్కపెట్టకపోతే నాకౌటయ్యేవోడు, డ్రా ఎక్కడిది? లెక్కలు రాకపోతే జిరాక్సులు తీసుకో" అన్నాడు. నా దగ్గర దానికి జవాబు లేదు. బాక్సింగ్‌లో ఒకటి జరక్కపోతే తర్వాతది ఎలా జరిగేదో కాయితం చెప్పదు.

ఇలాంటి తగువులు తీరడానికే కదా రీమ్యాచ్ అంటారు. ఆర్నెల్లు మా హోటల్లో ఒకటే చర్చ. ఫ్యూరీ ఈసారి బరువు పెరిగొస్తాడా, తగ్గొస్తాడా? దగ్గరికెళ్లి మీదపడతాడా, దూరం నుంచే కొడతాడా? ఒప్పందంలోనే రెండో పోరు రాసుకున్నారు కాబట్టి అది జరగడం ఖాయం. డిసెంబరు 21న మళ్లీ రియాద్‌లోనే జరిగింది. ముగ్గురు జడ్జీలూ కూడబలుక్కున్నట్టు 116–112 ఉసిక్‌కే వేశారు. లెక్కలోకి రాకపోయినా ఈసారి కంప్యూటరు చేత కూడా మార్కులు వేయించారు. అదీ ఉసిక్కే అంది. తీరిందా తగువు? మా బామ్మర్ది మొదటి పోరు కాయితం ఇంకా తీయలేదు. "ఇది ఓడిపోయాడు, ఒప్పుకుంటా. అది మాత్రం డ్రానే" అంటాడు. 2025 జనవరిలో ఫ్యూరీ రిటైరైపోతున్నానని ప్రకటించాడు. ఇంతకుముందు కూడా అలాగే చెప్పి తిరిగొచ్చాడు కాబట్టి మా దగ్గర ఎవరూ నమ్మలేదు. మూడో పోరు ఎప్పుడన్నదే ఇప్పుడు మాట.

తాత ఈ చర్చలన్నీ విని పెదవి విరుస్తాడు. ఆయన లెక్కలో రీమ్యాచ్ అంటే అలీ, ఫ్రేజర్‌లదే. 1971 మార్చి 8న న్యూయార్క్‌లో మొదటిది. పదిహేనో రౌండులో అలీని పడేసి మరీ ఫ్రేజర్ గెలిచాడు. 1974 జనవరిలో రెండోది, అలీ గెలిచాడు. 1975 అక్టోబరు 1న మనీలాలో మూడోది. పద్నాలుగు రౌండ్లయ్యాక ఫ్రేజర్ కళ్లు మూసుకుపోయాయని అతని గురువు ఎడ్డీ ఫచ్ ఇక చాలని ఆపేశాడు. "అప్పట్లో మాకు ఫోన్లు ఎక్కడివిరా? పేపర్లో ఒక్క ఫొటో. ఆ ఒక్క ఫొటో పెట్టుకుని బాయి దిగేదాకా మాట్లాడుకునేటోళ్లం, పైకొచ్చాక మళ్లీ మొదలెట్టేటోళ్లం" అంటాడు. భూమి లోపల బొగ్గు తవ్వేవాళ్ల మధ్య మనీలా ఫైటు గురించి సాగిన తగువు ఊహించుకుంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ఫ్రేజర్‌ని ఇంకో మూడు నిమిషాలు ఆడనిచ్చి ఉంటే ఏమయ్యేదో తాత ఇప్పటికీ తేల్చుకోలేదు. అలీ మనిషి అయ్యుండీ ఆ ఒక్క దగ్గర మాత్రం ఫ్రేజర్ వైపు మాట్లాడతాడు.

అయితే రీమ్యాచ్ అనేది ఎవరికి పడితే వాళ్లకి వచ్చేది కాదు. ఇది ఈ రెండేళ్ల చర్చల్లో నాకు పట్టుబడిన సంగతి. 2019 జూన్‌లో ఆంథొనీ జాషువా మీద ఆండీ రూయిజ్ గెలిచాడు. రూయిజ్ అసలు ఆ పోరుకి అనుకున్నవాడు కాదు, ఇంకొకడు తప్పుకుంటే ఆఖర్లో తెచ్చిన మనిషి. బొద్దుగా, పక్కింటి అబ్బాయిలా ఉంటాడు. ఏడో రౌండులో జాషువా పనైపోయింది. ప్రపంచం నోరెళ్లబెట్టింది. కానీ ఒప్పందంలో రీమ్యాచ్ షరతు ఉంది. ఆర్నెల్లకే డిసెంబరు 7న సౌదీలో మళ్లీ ఆడించారు. రూయిజ్ ఈలోగా విందులు వినోదాల్లో పడి దాదాపు ఏడు కిలోలు పెరిగొచ్చాడు, ఓడిపోయాడు. బెల్టులు తిరిగి జాషువాకి. పెద్ద పేరున్నవాడు ఓడితే వెంటనే ఇంకో అవకాశం కాయితం మీద సిద్ధంగా ఉంటుంది. టిక్కెట్లు అమ్ముడయ్యేది ఆ పేరు మీద కదా.

దీనికీ ఓ మినహాయింపు ఉంది. సాక్షాత్తూ మైక్ టైసన్. 1990 ఫిబ్రవరి 11న టోక్యోలో ఎవరూ లెక్కలోకి తీసుకోని బస్టర్ డగ్లస్ పదో రౌండులో టైసన్‌ని పడగొట్టాడు. అంతకుముందు ఎనిమిదో రౌండులో డగ్లస్ పడ్డప్పుడు రిఫరీ నెమ్మదిగా లెక్కపెట్టాడని టైసన్ వైపువాళ్లు గోల చేశారు. ఫలితం మారలేదు. అదే ఏడాది అక్టోబరులో డగ్లస్ మూడో రౌండులోనే హోలీఫీల్డ్ చేతిలో ఓడిపోయాడు. టైసన్, డగ్లస్ మళ్లీ ఎదురుపడనే లేదు. జరగని ఆ రెండో పోరు గురించి మా హోటల్లో జరిగినంత చర్చ, జరిగిన పోరుల గురించి కూడా జరగలేదంటే నమ్మండి.

మా సరిహద్దు అవతల సంక్రాంతి కోళ్ల సంగతి తెలిసిందే కదా. చట్టం వద్దంటుంది, జనం వింటారా అన్నది వేరే మాట. ఆ బరి దగ్గర పుంజుకి రీమ్యాచ్ లేదు. ఓడింది సాయంత్రానికి కూరే. బాబాయి ఈ మాట అన్నప్పుడల్లా అందరూ నవ్వుతారు.

ఓ రోజు మా మేనకోడలు మాత్రం నవ్వలేదు.

ఆ పిల్ల తొమ్మిదో తరగతి. హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. సెలవులకి వచ్చినప్పుడు నా కొట్లో కూర్చుని జిరాక్సు కాయితాలు సర్దుతూ ఈ మాటలన్నీ వింటుంది. తనూ బాక్సింగే ఆడుతుంది. అందుకు కారణం ఉసిక్కూ కాదు, ఫ్యూరీ కూడా కాదు. నిజామాబాద్ నిఖత్ జరీన్.

నిఖత్ కథ పైపైన అందరికీ తెలుసు. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో థాయ్‌లాండ్ అమ్మాయి జిట్‌పాంగ్ జుటామాస్‌ని 5–0తో ఓడించి ప్రపంచ చాంపియన్ అయింది. సరిగ్గా రెండేళ్లకి అదే తేదీ తెల్లవారుజామున మావాళ్లు రియాద్ పోరు కోసం మేలుకున్నారు. 2023 మార్చిలో ఢిల్లీలో వియత్నాం బాక్సర్ మీద గెలిచి రెండోసారి చాంపియన్ అయింది. 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్‌లో చైనా బాక్సర్ వూ యూ చేతిలో రెండో మ్యాచ్‌కే ఓడింది. ఇవన్నీ మా మేనకోడలికి కంఠతా వచ్చు. తను ఎక్కువగా అడిగేది మాత్రం గెలిచిన సంగతులు కాదు, 2019 సంగతి.

అప్పుడు 51 కిలోల విభాగంలో దేశం తరఫున ఒలింపిక్ క్వాలిఫయర్స్‌కి మేరీ కోమ్‌ని నేరుగా పంపుతారన్న మాట వచ్చింది. మేరీ కోమ్ అంటే ఆరుసార్లు ప్రపంచ చాంపియన్. పిల్లల తల్లి. దేశానికి బాక్సింగ్ నేర్పిన మనిషనే చెప్పాలి. అదే బరువులో నిఖత్ ఉంది. ఆమె అప్పటి కేంద్ర క్రీడల మంత్రి కిరణ్ రిజిజుకి లేఖ రాసింది. తనకి చోటివ్వమని కాదు, ట్రయల్ పెట్టమని మాత్రమే అడిగింది. ఎవరీ నిఖత్ అని మేరీ కోమ్ అన్నట్టు పేపర్లలో వచ్చింది. హోటల్లో అప్పుడూ రెండు పక్షాలే. "అంత పెద్దావిడకి ఎదురు నిలబడుద్దా ఈ పిల్ల, పద్ధతేనా?" అని ఒకరు. "అడగటంలో తప్పేముంది? మన తెలంగాణ పిల్ల" అని ఒకరు. నేను రెండో పక్షం. ఇప్పుడూ అదే.

ట్రయల్ పెట్టారు. డిసెంబరు 28న ఢిల్లీలో జరిగింది. 9–1తో మేరీ కోమే గెలిచింది. తెలంగాణ వైపువాళ్లు కొందరు అక్కడే నిరసన చెప్పారు. మేరీ కోమ్ చేయి కలపకుండానే వెళ్లిపోయింది. సినిమా అయితే నిఖత్ గెలవాలి. ఇది సినిమా కాదు. అడిగి, పేరు పోగొట్టుకుని, రింగులోకి దిగి, ఓడిపోయింది.

"అంత గొడవ చేసి ఓడిపోతే సిగ్గనిపించదా మావయ్యా?" అని మేనకోడలు ఒకసారి అడిగింది.

"ఏమో. ఆమె మళ్లీ ప్రాక్టీసుకి వెళ్లింది. నాకు తెలిసిందంతే" అన్నాను.

దీనికి కొనసాగింపు టోక్యోలో ఉంది. 2021 జులైలో మేరీ కోమ్ కొలంబియాకి చెందిన ఇంగ్రిట్ వలెన్సియాతో ఆడింది. మూడు రౌండ్లలో రెండు రౌండ్లు ఎక్కువమంది జడ్జీలు మేరీ కోమ్‌కే ఇచ్చారు. కానీ మొదటి రౌండులో వలెన్సియాకి 4–1 పడింది. అన్నీ కలిపేసరికి 3–2తో వలెన్సియా గెలిచింది. మేరీ కోమ్ మాత్రం తనే గెలిచాననుకుని చేయెత్తింది. ఓడిందని ఆమెకి తర్వాతగానీ తెలియలేదు. ఇది చెప్పినప్పుడు మా పిల్ల కాయితాలు సర్దడం ఆపేసింది.

"మేరీ కోమ్‌కి కూడా తెలియలేదా?"

ఎందుకలా అడిగిందో నాకు సాయంత్రం దాకా అర్థం కాలేదు. సాయంత్రం వాళ్లమ్మ, అంటే మా చెల్లెలు, చెప్పింది. అంతకుముందు నెలలో ఎంపిక పోటీలకి వెళ్లింది పిల్ల. 46 కిలోల విభాగం. మూడు రౌండ్లు. ముగ్గురు జడ్జీలు. అయిపోయాక రిఫరీ ఇద్దరి చేతులూ పట్టుకుని అవతలి పిల్ల చేయి ఎత్తాడు. అంతే. 2–1 అని ఎవరో అన్నారట, అదీ మైకులో కాదు, నీళ్ల క్యాను దగ్గర. ఏ జడ్జీ ఎంత వేశాడు, ఏ రౌండు పోయింది, ఎవరూ చెప్పలేదు. కాయితం చూపించలేదు. తను బస్సెక్కి వచ్చేసింది. గెలిచానా అనుకుంటోందా, ఓడిపోయానని ఒప్పుకుందా అంటే రెండూ కాదు. ఎక్కడ తగ్గిందో తెలియదు, అంతే.

రియాద్‌లో ఇద్దరు కోటీశ్వరులు కొట్టుకుంటే ముగ్గురు జడ్జీల అంకెలూ మైకులో చదివారు. ఆ అంకెలు పట్టుకుని ఇక్కడ అడవి పక్కన కరెంటు పోయిన మధ్యాహ్నం నేను డ్రా లెక్క తీయగలిగాను. మా ఇంటి పిల్ల ఆడిన మూడు రౌండ్ల లెక్క మాత్రం మా దగ్గర లేదు. మా బామ్మర్దికి ఫ్యూరీ ఓటమి మీద రెండేళ్లుగా కడుపుమంట ఉందంటే దానికి ఆధారం ఆ అంకెలే. అంకెలు లేనివాడు గొడవ పెట్టుకోవడానికి కూడా పనికిరాడు.

నేను పొద్దస్తమానం చేసే పని ఇదే కాబట్టి చెబుతున్నాను. పోడు భూముల అర్జీలు నా కొట్లో ఎన్ని టైపు చేశానో లెక్కలేదు. 2006 చట్టం కింద గ్రామసభ కాదంటే సబ్ డివిజన్ కమిటీకి, అక్కడ కాదంటే జిల్లా కమిటీకి వెళ్లొచ్చు. దానికి 60 రోజుల గడువుంటుంది. ఇది పోడు రైతుకున్న రీమ్యాచ్ షరతు అనుకోండి. కానీ నా దగ్గరికొచ్చే కోయ పెద్దమనిషి ఎవరైనా మొదట చెప్పేది "మనది పోయిందంట" అనే. ఎందుకు పోయింది, ఎవరు కాదన్నారు, ఏ తారీకున? "ఏమో సారూ, పోయిందంటున్రు." కారణం రాసిన కాయితం చేతిలో లేకుండా అప్పీలు రాయడం చీకట్లో గుద్దినట్టే. అందుకే నేను ముందు రాసే అర్జీ భూమి ఇవ్వమని కాదు, ఎందుకివ్వలేదో రాసిమ్మని. తునికాకు కోతల రోజుల్లో తెల్లారకముందే అడవికెళ్లి వచ్చి, ఆకు కట్టలు కట్టి, ఎండలో నా కొట్టు ముందు కూర్చునే ఆ మనుషులకి ఇంకో ఆర్నెల్లు తిరిగే ఓపిక ఎక్కడ మిగులుతుందో గానీ, కొందరు తిరుగుతారు. కొందరికి వచ్చింది కూడా.

మేనకోడలు ఆ అర్జీలు చూస్తూనే పెరిగింది. మర్నాడు పొద్దున్నే వచ్చి అడిగింది.

"రీమ్యాచ్ అడగొచ్చా మావయ్యా?"

తెలిసినంతలో నిజమే చెప్పాను. పెద్దవాళ్ల పోటీల్లోలా ఒప్పందాలు, షరతులు మన దగ్గర ఉండవు. ఆ పిల్ల పేరు పైకి వెళ్లిపోయి ఉంటుంది. మళ్లీ ఆడించమంటే ఆడించరు. "మరి మార్కులు?" అంది. మార్కులు అడగొచ్చన్నాను. చెప్పాలని రూలుందో లేదో తర్వాత సంగతి, అడిగితే అరెస్టు చేయరు.

ఆటల సారుకి ఈ మాట నచ్చలేదు. ఫోను చేస్తే మర్యాదగానే మాట్లాడారు. పిల్లంటే ఆయనకి అభిమానం కూడా ఉంది. "ఓడినోళ్లు అడిగితే బాగోదండీ. గుర్తుపెట్టుకుంటారు. వచ్చే ఏడాది మళ్లీ వాళ్ల ముందే కదా నిలబడాలి" అన్నారు. ఆయన భయం ఉత్తది కాదు. వచ్చే ఏడాది అదే బల్ల వెనక అదే మనుషులు ఉండొచ్చు. మా చెల్లెలు కూడా వద్దనే అంది. బావగారు ఏమీ అనలేదు. ఆయన ఏ విషయంలోనూ ఏమీ అనరు.

హోటల్లో మాత్రం సంగతి తెలిసిపోయింది. తెలియకుండా ఎట్లా ఉంటుంది, గోడ ఒకటే. ఫ్యూరీ, ఉసిక్ పక్కకెళ్లారు. రెండు రోజులు మా పిల్ల పోరు మీదే చర్చ. వాళ్లలో ఒక్కడూ ఆ పోరు చూడలేదు. అయినా బాబాయి మొదటి రౌండు పిల్లదే అన్నాడు. మా బామ్మర్ది మూడు రౌండ్లూ పిల్లవే, జడ్జీలు అమ్ముడుపోయారన్నాడు. "నువ్వు చూశావా?" అని తాత కసిరాడు. తర్వాత పిల్లని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుని, "నీ రౌండ్లు నువ్వే చెప్పమ్మా. ఇక్కడ మీ మావ లేడనుకో, ఎవరూ లేరనుకో" అన్నాడు.

పిల్ల కాసేపు ఆలోచించింది. "మొదటిది నాది తాతా. రెండోదాంట్లో ఆ పిల్ల బాగా కొట్టింది, నేను వెనక్కి వెళ్తూనే ఉన్నా. అది నాది కాదు. మూడోదే నాకు తెలియట్లా."

బామ్మర్ది నోరు తెరవబోతే తాత చేత్తోనే ఆపాడు. అలీ, ఫ్రేజర్ల మూడు పోరులూ చెప్పిన మనిషి, ఆ పూట ఇంకో మాట మాట్లాడలేదు. బాబాయి పిల్లకి డబ్బులు తీసుకోకుండా బూస్టు కలిపిచ్చాడు.

ఆ సాయంత్రం అర్జీ టైపు చేశాం. నేను అలవాటు కొద్దీ ‘తమరి దయవల్ల’ అని మొదలెడితే ఆ ముక్క తీసేయమంది. చివరికి మిగిలింది నాలుగు లైన్లు. తేదీ, విభాగం, తన పేరు, అవతలి అమ్మాయి పేరు. మూడు రౌండ్లకీ ముగ్గురు జడ్జీలు వేసిన మార్కులు తెలపగలరు, అది చూసి ప్రాక్టీసు చేసుకోవడానికి. ఆ ఆఖరి ముక్క తనదే. దాని కింద తనూ, పక్కన వాళ్ల నాన్నా సంతకాలు పెట్టారు. ఏ విషయంలోనూ ఏమీ అనని మా బావగారు, పెన్ను తీసుకుని ఇంటి పేరుతో సహా పూర్తిగా రాశారు.

సోమవారం బామ్మర్ది గెలల లారీ దించి, బండి మీద వెళ్లి ఇచ్చొచ్చాడు. రెండో కాపీ మీద అందినట్టు సంతకం చేయించుకురమ్మని మూడుసార్లు చెప్పి పంపాను. చేయించుకొచ్చాడు. ఇచ్చి ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. మార్కులు ఇంకా రాలేదు. వేపకొమ్మకి కట్టిన బస్తాలో ఇసక తీసేసి ఊక నింపాం, ఇసకైతే మణికట్లు పోతాయని సారు చెప్పారట. పిల్ల ఈ సెలవుల్లో రోజూ మూడు నిమిషాల టైమరు పెట్టుకుని గుద్దుతోంది. మొదటి రౌండూ, రెండో రౌండూ ఒకేలా ఉంటాయి. మూడోది మొదలెట్టే ముందు నా ఫోను అడిగి వీడియో తీయమంటుంది.